వైద్య పదాల పుట్టుక – 6వ పాఠం: ఇనాక్యులేషన్‌లోని కన్ను

గత పాఠం చివర విడదీయమని ఇచ్చిన ఇనాక్యులేషన్ (రోగం రాకుండా టీకా వేయడం) అనే మాటను చాలామంది సరిగానే విడదీశారు. 'ఇన్' అంటే లోపలికి, 'ఓక్యులస్' అంటే కన్ను అని రాసి, ఆ వెంటనే 'కంట్లో మందు వేయడం' అని అర్థం తేల్చేశారు. ధాతువులు పట్టుకోవడం సగం పనే; వాటిని మొదట కలిపి వాడినవారు ఏ వృత్తిలో ఉన్నారో కూడా చూడాలి. ఈ మాటను కలిపినవారు తోటపనివారు.

చెరకు ముచ్చె నాటే రైతు దానికి కన్ను, అంటే మొలకెత్తే మొగ్గ, ఉందో లేదో చూసుకుంటాడు. లాటిన్ ఓక్యులస్‌కు ఆ అర్థమూ ఉంది. ఒక మొక్క కన్నును కాస్త బెరడుతో సహా కోసి, మరో మొక్క బెరడులో గాటు పెట్టి, అందులోకి దూర్చి కట్టు కట్టడమే ఇనాక్యులారే. మశూచి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుల చర్మానికి గాటు పెట్టి అందులో ఉంచే పద్ధతి 18వ శతాబ్దంలో ఇంగ్లండుకు చేరినప్పుడు, చేసే పని అచ్చం అంటు కట్టినట్టే ఉండటంతో ఆ మాటే దానికీ స్థిరపడింది. బ్రిటిష్ రాయబారి భార్య లేడీ మేరీ మాంటగూ 1718లో కాన్‌స్టాంటినోపుల్‌లో కుమారుడికి, 1721లో లండన్‌లో కుమార్తెకు దీన్ని చేయించింది. ఆవును లాటిన్‌లో 'వాక్కా' అంటారు; ఆ పేరు మీదుగా వచ్చిన వ్యాక్సిన్ సంగతి మీకు తెలిసిందే. ఆవులకు వచ్చే గోమశూచి రసితో మశూచిని అడ్డుకోవచ్చని చూపిన ఇంగ్లిష్ వైద్యుడు జెన్నర్ ప్రయోగం 1796 నాటిది.

ఇక నన్ను విసిగించే తప్పు ఒకటుంది. ఇనాక్యులేషన్ అనే మాటను ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు చదువుకున్నవారు సైతం రెండు 'ఎన్'లు వేస్తారు. ఇన్నోసెంట్‌లో రెండు ఉన్నాయి కదా అంటారు. అక్కడ 'ఇన్' తరువాత వచ్చేది హాని చేయడమనే అర్థం గల 'నోకేరే'. అది 'ఎన్'తోనే మొదలవుతుంది కనుక రెండోది దాని సొంతం. ఓక్యులస్ 'ఓ'తో మొదలవుతుంది. మరి రెండో 'ఎన్' ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఇన్నోసెంట్‌లోని 'ఇన్'కు 'కాదు' అని అర్థం, 'లోపలికి' అని కాదు. వర్ణక్రమాన్ని బట్టీ పట్టడం నాకు నచ్చదు. మాటను విడదీసి చూస్తే అక్షరాల లెక్క దానంతటదే తేలుతుంది.

అభ్యాసం: ఇన్‌సోమ్నియా, ఇంజెక్షన్, ఇన్సులిన్. వీటిలో ఏ 'ఇన్' లోపలికి, ఏది కాదు అనే అర్థంలో ఉందో నిఘంటువు తెరవకముందే కారణంతో సహా రాయండి. ఒకదానిలో అసలు ఉపసర్గే లేదు. క్లోమంలోని కణాల గుంపులను శాస్త్రజ్ఞులు ఏమని పిలుస్తారో గుర్తు తెచ్చుకుంటే అది దొరుకుతుంది.