మైక్రోవేవ్‌లో చీమలు: మా ఇంట్లో పనిచేసిన పద్ధతి

మా ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో చీమలు మైక్రోవేవ్‌లోకి చేరాయి. పాలు వేడిచేసి తలుపు తీస్తే లోపలి గోడల మీద హాయిగా తిరుగుతున్నాయి. చీమల చాక్‌పీస్, పసుపు, ఇంకాసేపు ఆన్ చేసి ఉంచడం, ఏదీ పనిచేయలేదు.

చావకపోవడానికి కారణం ఉంది. ఓవెన్‌లో వేడి పుట్టించే మైక్రోవేవ్ తరంగాల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అవి గోడలకు తగిలి వెనక్కొస్తూ కొన్నిచోట్ల బలంగా, కొన్నిచోట్ల దాదాపు లేనట్టుగా ఉంటాయి. పళ్లెం తిరిగేలా పెట్టింది అందుకే. పైగా చీమ ఒంట్లో నీరెంత? పట్టే వేడి కొద్దిగానే, అదీ చుట్టూ ఉన్న గాలిలోకి ఇట్టే పోతుంది. వేడి తగిలితే పక్కకు పరుగెడుతుంది కూడా.

ముందు ప్లగ్ తీసేశాను. గాజు పళ్లెం, దాని కింది చక్రాల రింగు బయటికి తీశాను. అసలు సంగతి అక్కడుంది: రింగు తిరిగే గాడిలో ఎప్పుడో పొంగిన సేమ్యా పాయసం గోధుమరంగు చారలా ఎండిపోయి ఉంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డ దానిమీద కాసేపు పరిచి, నానాక తుడిచాను. తరవాత చీమలబారు వచ్చిన దారంతా, వైరు వెంబడి గట్టు దాకా, వెనిగర్ నీళ్ల గుడ్డతో తుడిచాను. చివరగా గట్టుకీ టైల్స్‌కీ మధ్య పగులులో వైట్ సిమెంట్ పెట్టాను. అంతా ఆరాకే మళ్లీ ప్లగ్ పెట్టాను. ఇప్పటిదాకా చీమ కనబడలేదు.

గూడు ఓవెన్ పెట్టె లోపలే ఉంటే ఇది సరిపోకపోవచ్చు. అప్పుడు మీరు స్క్రూలు విప్పకండి, మెకానిక్‌ని పిలవండి. లోపల కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్ అనే భాగం ప్లగ్ తీశాక కూడా ప్రాణాంతకమైన షాక్ కొట్టగలదు.