వానలు పడకముందే కాలవ గట్టు, పొలం దారి, అడవి దారి రన్నర్స్ చూసుకోవాల్సినవి

ఎండాకాలమంతా ఒకే దారిలో పరిగెత్తేవాళ్లకి ఒక ధీమా వచ్చేస్తుంది, ఎక్కడ రాయి ఉంది ఎక్కడ వేరు పైకి లేచింది ఎక్కడ గట్టు సన్నబడింది అన్నీ కాళ్లకే తెలిసిపోతాయి, కళ్లతో పని లేదు అన్నంతగా. ఆ ధీమాతోనే వానాకాలంలో దెబ్బ తింటాం. మొదటి గట్టి వాన పడిన మర్నాడు అది మనకి తెలిసిన దారి కాదు. అందుకే నేను అందరికీ గట్టిగా చెప్పేది ఒక్కటే, గట్టి వాన పడ్డాక ఆ రూట్లోకి మొదటిసారి వెళ్లేటప్పుడు పరిగెత్తొద్దు, నడవండి. పగటి వెలుగులో మొత్తం ఒకసారి నడిచి చూసుకుని రండి, పది కిలోమీటర్ల రూట్ అయితే రెండు గంటలు పైనే పడుతుంది, పట్టనీండి.

నాకు ఇది తెలిసొచ్చింది కాలవ గట్టు మీదే. గట్టు మధ్యలో నీళ్లు నిలిచాయి, షూ తడవకూడదని పక్కకి జరిగి అంచు మీద కాలేశా, పైన పచ్చగా గడ్డి ఉంది బానే ఉందనుకున్నా, కానీ కింద మట్టిని నీళ్లు ఎప్పుడో కోసుకుపోయాయి, కాలు తొడ దాకా దిగిపోయింది. గడ్డి దుబ్బు చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది లేకపోతే నిండుగా పారుతున్న కాలవలోనే ఉండేదాన్ని. మడమ బెణికి ఆరు వారాలు పరుగు లేదు. అప్పట్నుంచి నా పద్ధతి ఏంటంటే గుంట కనిపిస్తే నడకలోకి దిగిపోతా, గట్టు మధ్యలోంచే వెళ్తా, షూ తడిస్తే తడవనీ, తప్పదు పక్కకి జరగాల్సిందే అంటే నీటి వైపు కాదు పొలం వైపు జరుగుతా. గట్టు మీద పొడుగ్గా కొత్త పగులు కనిపించినా, ఒక పక్క కుంగినట్టు ఉన్నా అక్కడ్నుంచే వెనక్కి తిరగండి, ఆ పగులు దాటి ఇంకో వంద మీటర్లు వెళ్లి చూద్దాం అనుకోవద్దు.

సిమెంటు లైనింగ్ ఉన్న కాలవల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది మట్టి కాలవ కంటే అదే సేఫ్ అనుకుంటారు. ఆ వాలు గోడకి నీటి మట్టం దగ్గర పాకుడు పట్టి ఉంటుంది, లోపలికి జారడానికి క్షణం చాలు, పైకి ఎక్కుదామంటే పట్టుకోడానికి ఏమీ ఉండదు, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా అక్కడ అలిసిపోతారు. కాబట్టి నడిచి చూసేరోజే మెట్లు ఎక్కడున్నాయి, నిచ్చెన ఎక్కడుంది, వంతెనలు ఎక్కడున్నాయి చూసి పెట్టుకోండి. తూములు, షట్టర్లు, లాకుల దగ్గర నీళ్లు పైకి ప్రశాంతంగా కనిపించినా కింద లాగేస్తుంటాయి, అక్కడ అంచుకి వెళ్లి ఫొటోలు దిగొద్దు. పైన షట్టర్లు ఎత్తితే ఇక్కడ వాన చుక్క లేకపోయినా నీటి మట్టం పెరుగుతుంది.

ఎవరైనా పడితే వెంటనే దూకకండి, ఇది ఎంత చెప్పినా తక్కువే, కాపాడబోయినవాళ్లు కూడా పోతారు. ముందు సాయం కోసం గట్టిగా అరవండి, కర్ర, తాడు, రెండు మూడు టీషర్టులు ముడేసి, ఏది దొరికితే అది విసరండి, మీరు గట్టు మీద పడుకుని అందించండి, నిలబడి అందిస్తే వాళ్ల బరువుకి మీరూ పోతారు. మీరే పడితే ప్రవాహానికి ఎదురు ఈదొద్దు, వెల్లకిలా తిరిగి కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు పెట్టి, దాంతోపాటే పోతూ ఏటవాలుగా ఒడ్డు వైపు జరగండి.

దారికి అడ్డంగా నీళ్లు పారుతుంటే దాటొద్దు. వడిగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా ఎదిగిన మనిషిని కూడా పడేయగలవు. నీటి వేగం రెట్టింపు అయితే మన మీద పడే తోపుడు నాలుగు రెట్లు అవుతుంది, అందుకే నిన్న దాటిన వాగు ఇవాళ చూడ్డానికి అంతే ఉన్నా కాలు నిలవనివ్వదు. అడవిలో ఎండిపోయిన వాగు దాటి వెళ్లారనుకోండి, పైన ఎక్కడో కొండల్లో వాన పడితే తిరిగొచ్చేసరికి అది పారుతూ ఉండొచ్చు, అందుకని వాన సూచన ఉన్నరోజు వాగు దాటే రూట్ అసలు పెట్టుకోవద్దు.

అడవి దారిలో ముఖ్యంగా మూడు జారతాయి, తడిసిన వేర్లు, నాచు పట్టిన రాళ్లు, చెక్క వంతెనలు. వేరు మీద కాలేయొద్దు, వేరు దాటి మట్టి మీద వేయండి. అడుగులు చిన్నవి వేయండి, దిగుడులో ఇంకా చిన్నవి. అడుగున పట్టు కోసం ఉండే గాడులు అరిగిపోయిన షూ ఎండలో సరిపోతుందేమో గానీ బురదలో సరిపోదు, లోతు గాడులు ఉన్న ట్రైల్ షూ, అంటే మట్టి దారుల కోసం చేసిన షూ కావాలి. గాలివాన తగ్గిన వెంటనే కూడా వెళ్లొద్దు, విరిగి పైన చిక్కుకున్న కొమ్మలు ఆ తర్వాత తీరిగ్గా పడుతుంటాయి. కరెంటు తీగ తెగి కింద పడి ఉంటే దాంట్లో ఇంకా కరెంటు ఉందనుకుని కనీసం పది మీటర్లు దూరం ఉండండి, నేల తడిగా ఉంటే ఇంకా ఎక్కువ, కరెంటు వాళ్లకి ఫోన్ చేయండి. పొలాల చుట్టూ తీగల కంచె ఉంటే చేయి ఆనించొద్దు, దాంట్లో కరెంటు ఉందో లేదో చూసి చెప్పలేం.

పిడుగుల సంగతి. మెరుపు కనిపించి ఉరుము వినిపించడానికి మధ్య 30 సెకన్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే అది దాదాపు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, అప్పటికే మీరు లోపల ఉండాలి. కాలవ గట్టు చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా ఉంటుంది, దాని మీద మీరు ఇంకా ఎత్తు, పక్కన నీళ్లు, అంతకంటే చెడ్డ చోటు లేదు. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. పక్కా బిల్డింగ్, లేదా అద్దాలు మూసిన కారు, ఈ రెండే నమ్మండి, ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రండి. ఉదయం లేచి ఆకాశం చూసి డౌటు వస్తే ఆరోజు పరుగు మానేయండి, రేపు కూడా ఆ గట్టు అక్కడే ఉంటుంది.

బొరియల్లోకి నీళ్లు వస్తే పాములు పొడి చోటు వెతుక్కుంటూ గట్ల మీదకే వస్తాయి, మనం కూడా గట్టు మీదే ఉంటాం, అదీ ఇబ్బంది. చీకట్లో హెడ్ లైటు లేకుండా వెళ్లొద్దు, గడ్డి మోకాలి ఎత్తు పెరిగిన చోట పరుగు ఆపండి, పడిపోయిన దుంగ కనిపిస్తే ఎగిరి దూకకుండా ఆగి అవతల ఏముందో చూసి దాటండి. కాటు పడితే మనకి అలవాటైన పని పరిగెత్తడం, సరిగ్గా అదే చేయకూడదు, పరిగెత్తితే విషం ఒళ్లంతా తొందరగా పాకుతుంది. కూర్చోండి, కాలు కదలకుండా ఉంచండి, షూ, కడియం, ఉంగరం లాంటివి వాపు రాకముందే తీసేయండి, గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పామును పట్టుకోడానికి టైం పాడు చేయొద్దు. యాంటీవెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి ఎంత తొందరగా ఎవరైనా తీసుకెళ్తే అంత మంచిది. అందుకే మీ రూట్‌కి దగ్గర్లో అది ఏ ఆసుపత్రిలో ఉంటుందో సీజన్ మొదలవకముందే కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి, ఇది దయచేసి ఇవాళే చేయండి.

కుక్క వెంటపడితే ఆగిపోండి, కళ్లలోకి చూడకుండా మెల్లగా నడవండి. కరిస్తే, గీరినా సరే, సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు వ్యాక్సిన్‌కి వెళ్లండి, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు ఉండదు.

ఒంటరిగా వెళ్లేవాళ్లు ఏ రూట్, ఏ టైంకి తిరిగొస్తారు అని ఒకరికి మెసేజ్ పెట్టండి, ఆ టైం దాటితే ఏం చేయాలో కూడా వాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే ఊరికే కంగారు పడుతూ కూర్చుంటారు. ఫోన్ జిప్ కవర్‌లో పెట్టండి, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, ఒక విజిల్ మెడలో వేసుకోండి, గొంతు అలిసిపోతుంది గానీ విజిల్ అలిసిపోదు. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా చాలా దేశాల్లో 112 కాల్ అక్కడ దొరికిన వేరే నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది, ప్రయత్నించండి. ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దు, నీటి చప్పుడు, బండి చప్పుడు, కొమ్మ విరిగే చప్పుడు ఏదైనా ముందు చెవికే తెలుస్తుంది. పల్లె రోడ్డు మీద ఎదురొచ్చే బండ్లు కనిపించే వైపు పరిగెత్తండి, ముసురులో మెరిసే పట్టీలు వేసుకోండి.

కాలి మీద పుండు, కోత ఉంటే వరద నీళ్లలో దిగొద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. అలాంటి నీళ్లలో తడిశాక రెండు మూడు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పి వస్తే డాక్టర్‌కి నీళ్లలో దిగిన సంగతి కూడా చెప్పండి, చెప్పకపోతే వాళ్లకి తట్టకపోవచ్చు. ధనుర్వాతం ఇంజెక్షన్ గడువులో ఉందో లేదో చూసుకోండి.

ఇంటికొచ్చాక షూ లోపల కాగితాలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి, గంటకోసారి కాగితం మార్చండి. వరండాలో ఆరబెట్టినవైతే మర్నాడు కాలు పెట్టేముందు బోర్లించి గట్టిగా కొట్టి దులపండి, పొడి చోటు వెతుక్కుంటూ లోపలికి తేళ్లు కూడా దూరతాయి.