చేత్తో గీసిన గుడ్డ, దాచుకున్న ముక్కలు: వక్కాకు తిత్తి కుట్టడం ఎలా?

మొదటిసారి కలంకారీ గీసినప్పుడు నేను గుడ్డను పాలల్లో ముంచలేదు. కరక్కాయ నీళ్లు చాల్లే అనుకున్నాను. నెమలి గీద్దామని కలం ఆనించగానే నలుపు నాలుగు వైపులా పాకింది. ఈకలన్నీ కలిసిపోయి నెమలి కాస్తా వానకు తడిసిన కోడైంది. మీటరు గుడ్డ పారేయడానికి చేతులు రాక మడిచి బీరువాలో పడేశాను. ఆరు నెలల తర్వాత అందులోంచే నాలుగు తిత్తులు, అంటే తాడు లాగితే మూతి ముడుచుకునే చిన్న సంచులు, పది బుక్‌మార్కులు వచ్చాయి. అప్పటినుంచీ ముందు గీయడం, ఏం కుట్టాలో ఆ తర్వాత చూసుకోవడం అలవాటైంది. సంచి కొలతలో గీద్దామని కూర్చుంటే చెయ్యి బిగుసుకుపోతుంది.

ఇక్కడ చెప్పేది శ్రీకాళహస్తి పద్ధతినే ఇంటికి తగ్గట్టు కుదించుకున్నది. అక్కడ కలంతో గీస్తారు, మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. అచ్చులు చెక్కించుకునే ఖర్చు మనకెందుకు? కలమైతే పెరట్లో దొరికే పుల్లతో అయిపోతుంది.

ముందుగా నలుపు

కలంతో గీసే నల్ల సిరాను కసిం అంటారు. తయారవడానికి రెండు, మూడు వారాలు పడుతుంది కాబట్టి గుడ్డ కొనకముందే ఇది మొదలుపెట్టాలి. లీటరు నీళ్లలో 100 గ్రాముల బెల్లం కరిగించి, 100 గ్రాముల తుప్పు మేకులో ఇనప రజనో వేయండి. మట్టికుండ గానీ గాజు సీసా గానీ వాడండి. మూత బిగించవద్దు, పులిసేటప్పుడు గాలి తన్నుతుంది. పైన గుడ్డ కట్టి నీడన పెట్టి, రెండు రోజులకోసారి కలపండి. బెల్లం పులిసి ఇనుమును మెల్లగా కరిగించుకుంటుంది. వాసన ఇంట్లోవాళ్లకు నచ్చదు, బాల్కనీలో పెట్టుకోవడం మంచిది. నురుగు తగ్గాక వడగట్టుకోండి.

ఈ నీళ్లు సొంతంగా అంత నల్లగా ఉండవు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడినప్పుడే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపు తేలుతుంది. అందుకే కసిం సరిగా వచ్చిందో లేదో మామూలు తెల్లగుడ్డ మీద పరీక్షించి కంగారుపడకండి.

గుడ్డకు పాలు పట్టడం

కోరా నూలు గుడ్డ కావాలి. పాలిస్టర్ కలిసినది పనికిరాదు. రాత్రంతా నానబెట్టి, సబ్బుతో ఉతికి గంజి మొత్తం వదిలించాలి. నీటి చుక్క వేస్తే వెంటనే పీల్చుకోవాలి, మీద పూసలా నిలిచిందంటే గంజి ఇంకా ఉన్నట్టే.

మీటరు గుడ్డకు నేను 50 గ్రాముల కరక్కాయ పొడి, అర లీటరు పచ్చి గేదెపాలు, తడవడానికి సరిపడా నీళ్లు తీసుకుంటాను. పొడిలో పలుకులు లేకుండా వడగట్టండి, లేకపోతే గుడ్డ మీద మచ్చలు పడతాయి. గుడ్డను అందులో పావుగంట అటూ ఇటూ పిసికి, గట్టిగా పిండి, ముడతలు దులిపి ఎండలో ఆరేయండి. లేత పసుపు రంగుకు వస్తుంది. పాలలోని వెన్న గీతను పాకనివ్వదు. నా నెమలికి జరగనిది ఇదే. అలాగని పాలు మరీ ఎక్కువైతే నలుపు లోపలికి ఇంకక పైనే ఉండిపోతుంది.

కలం పట్టడం

వెదురు పుల్లనో చింత పుల్లనో మొన చెక్కండి. మొనకు అంగుళం పైన ఉన్ని గుడ్డ పీలికను నిమ్మకాయంత లావున చుట్టి, దారంతో బిగించి కట్టండి. ఆ ఉండే మన సిరాబుడ్డి. కసింలో ముంచి, గీసేటప్పుడు బొటనవేలితో ఉండను కొద్దిగా నొక్కితే సిరా మొన దాకా దిగుతుంది. నొక్కుడు వేలికి పట్టుబడటానికి ఓ గంట పడుతుంది. ఆ గంటలో దేవుళ్ల బొమ్మల జోలికి పోకండి. తీగలు, ఆకులు, చుక్కలు, చేపపొలుసులు గీయండి. ముందు బొమ్మ వేసుకోవాలంటే చింతపుల్లలు కాల్చిన బొగ్గు చాలు, ఉతికితే పోతుంది.

గీసిన గుడ్డను ఒక రోజు ఆరనిచ్చి, బోలెడు నీళ్లలో జాడించండి. శ్రీకాళహస్తిలో ఈ పనికి స్వర్ణముఖి నది ఉంది, మనకు కుళాయి ఉంది. బకెట్లో నానబెట్టి మాత్రం వదలొద్దు. వదిలిన నలుపు మిగతా గుడ్డంతా పట్టుకుంటుంది. ఇంత శ్రమ వద్దనుకునేవాళ్లు అంగట్లో దొరికే ఫ్యాబ్రిక్ రంగులతో గీసి, ఆరాక వెనకవైపునుంచి ఇస్త్రీ చేసుకోవచ్చు. కుట్టేటప్పుడు సూది కాస్త మొరాయిస్తుంది, అంతే.

కిటికీ పెట్టి వెతకడం

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. పాత పెళ్లిపత్రిక అట్టలో 12 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవున కిటికీ కోయండి. దాన్ని గుడ్డ మీద పెట్టి మెల్లగా జరుపుతూ పోండి, వంకరగా కూడా తిప్పి చూడండి. బొమ్మగా చూస్తే చెడిపోయిన చోట కిటికీలోంచి వేరే సంగతి కనిపిస్తుంది. నా తడిసిన కోడి మెడ దగ్గర నలుపు పాకిన తీరు అచ్చం ఎండుటాకు ఈనెల్లా ఉంది. నచ్చిన చోట సుద్దతో గీత గీసి, మడతకూ కుట్టుకూ పైన 3, మిగతా మూడు వైపులా 1 సెంటీమీటరు వదిలి కత్తిరించండి.

ఒక జాగ్రత్త. నలుపు దట్టంగా నింపిన చోటును మడత పడే దగ్గర పెట్టకండి. ఇనుము కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తుంది, మడత దగ్గరే ముందు చిరుగుతుంది.

తోడు ముక్కలు

టైలరు తిరిగిచ్చిన జాకెట్టు ముక్కలు, అమ్మ పాత నేతచీర, నాన్న లుంగీ, ఏదైనా సరే నూలైతే చాలు. వెలుతురుకు ఎత్తి చూడండి. జల్లెడలా కనిపిస్తే లోపలి గుడ్డకే వాడాలి. రెండు చేతులా పట్టి లాగితే పర్రుమనేది దేనికీ పనికిరాదు. ముదురు ఎరుపు, నీలం ముక్కలను తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసుకోండి.

పోచంపల్లి ఇక్కత్ ముక్కను కలంకారీ పక్కన పెట్టాలని చాలామందికి సరదా. నేను పెట్టను. రెండు పెళ్లిమేళాలు ఒకే వీధిలో ఎదురుపడ్డట్టు ఉంటుంది. పక్కన సాదా రంగో సన్న గళ్లో ఉంటేనే గీత కళ్లబడుతుంది.

తిత్తి కుట్టడం

మా అవ్వ బొడ్లో దోపుకునే వక్కాకు తిత్తి గుర్తుంది. అటూ ఇటూ రెండు తాళ్లు లాగితే మూతి ముడుచుకునేది. అదే కుడదాం.

1. గీసిన గుడ్డ ఒకటి, తోడు గుడ్డ ఒకటి, రెండూ 14 సెంటీమీటర్ల వెడల్పు, 19 సెంటీమీటర్ల పొడవున కత్తిరించండి. పొడవులో పైన 3, కింద 1 సెంటీమీటరు మడతకూ కుట్టుకూ పోతాయి. మిగిలేది మన కిటికీ కొలత.

2. మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, అంచుకు సెంటీమీటరు లోపలగా పక్కలూ అడుగూ కుట్టండి. రెండు పక్కలా పైనుంచి 5 సెంటీమీటర్లు కుట్టకుండా వదలండి. చేత్తో కుట్టేవాళ్లు నాలుగు టాకాలకోసారి సూదిని వెనక్కి తెచ్చి ఒక టాకా వేస్తే కుట్టు జారదు.

3. వదిలిన చోట అంచులను గుడ్డ వెనకవైపుకు మడిచి సన్నగా కుట్టండి. ఈ పని ఎగ్గొడితే నెల తిరక్కుండానే తాడు రాపిడికి పీచు లేస్తుంది.

4. పై అంచును ముందు 1 సెంటీమీటరు, తర్వాత 2 సెంటీమీటర్లు గుడ్డ వెనకవైపుకు మడిచి, రెండు ముక్కలకూ విడివిడిగా అడుగంచున కుట్టండి. తాడు దూరే గొట్టం తయారవుతుంది.

5. 40 సెంటీమీటర్ల తాళ్లు రెండు. పిన్నీసుకు కట్టి, ఒకటి కుడివైపు దూర్చి చుట్టూ తిప్పి కుడివైపే తీయండి. రెండోది ఎడమనుంచి. కొసలు ముడేసి తిత్తిని తిరగేయండి.

తాడు కొననక్కర్లేదు. అదే గుడ్డ పీలికలు మూడు జడగా అల్లితే సరిపోతుంది.

ఇంకా సన్నటి ముక్కలు మిగిలితే 5 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవున బుక్‌మార్కులు చేయండి. వెనక పాత అట్టనో మందపాటి గుడ్డనో పెట్టి అంచులు కలిపి కుట్టడమే. అరచేతి వెడల్పు ముక్కలు తొమ్మిది పోగైతే మూడు వరసలుగా కలిపి, అడుగున పాత చీర మడత వేసి, పైనుంచి కిందికి బొంత టాకాలు వేయండి. వేడి గిన్నె కింద వేసుకునే చిన్న బొంత అవుతుంది. అందులో గీసిన ముక్క ఒకటి, అదీ నడిమధ్యలో ఉంటే చాలు.

ఉతికేటప్పుడు కుంకుడురసం వాడి, నీడన ఆరేయండి. మొదటి రెండు ఉతుకులకు పాలవాసన వస్తుంది, మూడోసారికి పోతుంది. కత్తిరించగా రాలిన పోగుల్ని పారేయకండి. గుప్పెడంత సంచిలో కూరి మూతి కుట్టేస్తే గుండుసూదులు గుచ్చుకునే దిండు అవుతుంది. నా కోడి తల ఇప్పుడు అందులోనే ఉంది.