పాత చిన్న ట్రాక్టరు బాగు చేయించాలా, అమ్మేయాలా: తేల్చుకోవడం ఎలా?

బండి నీలం పొగ కక్కగానే షెడ్డుకు తోలేస్తారు. ఇంజిను విప్పి సామాన్లు నేల మీద పరిచాక "ఇప్పుడేం చేద్దాం?" అని నలుగురికి ఫోన్లు చేస్తారు. విప్పిన ఇంజినుతో ఉన్న బండిని ఎవరూ బండి ధరకు అడగరు, పాత ఇనుము ధరకు అడుగుతారు. అందుకే ఒక్క బోల్టు కూడా కదపకముందే తేల్చుకోవాలి. నేను చెప్పేది మామిడి తోపుల్లో, పలమనేరు, కుప్పం వైపు టమాటా చేలల్లో, మల్బరీ సాళ్ళలో తిరిగే 15 నుంచి 25 హార్స్‌పవర్ బళ్ళ గురించి. యువరాజ్, స్వరాజ్ 717, మిత్సుబిషి శక్తి లాంటివి.

కావలసింది పాత గుడ్డ, టార్చి, కల్టివేటరు, ఒక పూట తీరిక. మెకానిక్ అక్కర్లేదు. ఈ దశలో ఉండకూడదు కూడా. రిపేరు మీద బతికే మనిషిని రిపేరు చేయించాలా అని అడిగితే ఏం చెప్తాడు?

తెల్లారి, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఆయిలు పుల్ల తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు కలిశాయి. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే డీజిల్ దిగుతోంది. ఏది కనబడినా స్టార్ట్ చేయొద్దు. రేడియేటర్ మూత కూడా చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిలు ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ఇప్పుడు మార్చేయండి. నల్ల పొగ చాలాసార్లు ఇక్కడో, డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గరో తేలిపోతుంది. అది చిన్న ఖర్చు. టైర్లు, బ్యాటరీ లెక్కలోకి తేవద్దు. అవి ఏ బండికైనా అరిగేవే.

ఇక అసలు సంగతి బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ రింగులు అరిగి సిలిండరులోని గాలి, పొగ కిందికి ఆయిలు ఉండే చోటికి జారడం. ఇక్కడే అందరూ తప్పుతారు.

ఆయిలు పోసే మూత వదులు చేసి, పొగ రాగానే "ఇంజిను పోయింది" అని తీర్పు చెప్పేస్తారు. అంత తొందర వద్దు. ముందు బ్రీదర్ పైపు, అంటే ఇంజిను లోపలి గాలి బయటికి పోయే గొట్టం, చూడండి. కొన్నాళ్ళు తిరగకుండా చెట్టు కింద నిలబడిన బండి అయితే, ఆ పైపులో కందిరీగలు మట్టితో గూడు కట్టి ఉంటాయి. పైపు మూసుకుపోతే లోపలి గాలికి దారి ఉండదు, సీళ్ళలోంచి ఆయిలు కారుతుంది. చూసేవాళ్ళు రింగులు పోయాయనుకుంటారు. కడ్డీతో పొడిచి శుభ్రం చేసుకుని అప్పుడు మొదలుపెట్టండి. ఆయిలు గీత దాటి ఎక్కువ పోసి ఉన్నా ఇలాగే మోసపోతారు.

తర్వాత కల్టివేటరు తగిలించి కనీసం అరగంట చేను దున్నండి. ఉత్తినే నిలబెట్టి రైజ్ చేసి చూడటం పరీక్ష కాదు. బరువు పడి వేడెక్కితేనే నిజం బయటికొస్తుంది. వచ్చాక ఇంజిను సన్నగా తిరుగుతుండగా ఆయిలు పోసే మూత మెల్లగా తీసి, తిరగేసి రంధ్రం మీద పెట్టండి. ఆయిలు చిందుతుంది, మొహం దూరంగా పెట్టుకోండి. భుజం మీద తువ్వాలు ఉంటే తీసి పక్కన పడేయండి, ఫ్యాను బెల్టు దానికోసమే కాచుక్కూర్చుంటుంది.

రెండు, మూడు సిలిండర్ల బండిలో మూత ఎగిరి పడిపోతే, పొగ ఆగకుండా వస్తుంటే, రింగులు, లైనర్లు అయిపోయినట్టే. ఒకే సిలిండరు బండి లెక్క వేరు. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ లోపలి గాలి కొడుతుంది కాబట్టి మూత ఎగరడం మామూలే. అక్కడ మూతను నమ్మొద్దు, పొగను నమ్మండి. ఊదినట్టు కొంచెం కొంచెం వస్తే బతికే ఉంది. చిక్కగా, వేడిగా, తెగకుండా వస్తే లేదు. ఈ తేడా తెలియక మంచి సింగిల్ సిలిండరు బళ్ళను చవగ్గా వదులుకున్నవాళ్ళు మన వైపు తక్కువేం లేరు.

మీటరు గంటలు చూసి తేల్చేవాళ్ళతో నాకు పేచీ. పాత బళ్ళలో ఆ మీటరు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. 15 ఏళ్ళు నిండితే అమ్మేయాలనేదీ ఉత్త మాటే. రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవచ్చు.

మిగిలినవి త్వరగా అయిపోతాయి. కల్టివేటరు పైకెత్తి ఇంజిను ఆపండి. కళ్ళముందే దిగిపోతే హైడ్రాలిక్‌లో పని ఉంది. దాని కింద మాత్రం కాలు పెట్టొద్దు. బరువు మీద గేరు దానంతట అదే తప్పుకుంటే గేరు బాక్సులో పని ఉంది. ఇంజిను, గేరు బాక్సు, హైడ్రాలిక్, ఈ మూడింట్లో ఒకటే పోతే రిపేరు. రెండు పోతే అమ్మకం. ఇందులో బేరం లేదు.

ఇప్పుడు డబ్బు. బాగుపడ్డాక మీ ఊళ్ళో బండికి వచ్చే ధరలో మూడో వంతు దాటి రిపేరు మీద పెట్టకండి. 1,80,000కు పోయే బండి అయితే హద్దు 60,000. మెకానిక్ 50,000 అంటే మీరు 65,000 అనుకోండి, విప్పాక క్రాంకు అరిగిందనో ఇంకోటనో తప్పకుండా వస్తుంది. సామాను చిత్తూరులోనో తిరుపతిలోనో దొరకాలి. చెన్నై నుంచి తెప్పించాలంటే రిపేరు మాటే ఎత్తొద్దు, దుక్కి అదను దాటిపోతుంది.

అమ్మేటట్టయితే తొలకరికి ముందే అమ్మండి. ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వొద్దు, తోపు ఉన్న రైతుకే నేరుగా ఇవ్వండి. రంగు వేయించొద్దు, కొత్త రంగు కనబడితే కొనేవాడికి అనుమానం పుడుతుంది. అతను వచ్చేసరికి బండిని వేడి చేసి ఉంచడమూ వద్దు, తెలిసినవాడు ముందు సైలెన్సర్ మీదే చెయ్యి పెడతాడు.

లోను ఉండి తీరిపోయిన బండి అయితే బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చుకుని ఆర్‌సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) కొట్టేయించండి. పేరు మార్పిడి ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకుండా ఆర్‌సీ పేరు మారేదాకా వెంటపడండి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే ఆర్‌సీలో ఉన్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. గుడియాత్తం, ముళబాగల్ వైపు వాళ్ళకు అమ్మితే వేరే రాష్ట్రం కాబట్టి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కూడా తీసుకోవాలి.