పెరట్లో ఐదు పెట్టలు: ఇంటి గుడ్డు, కొట్టు గుడ్డు లెక్క తేల్చుకుని మొదలుపెట్టడం ఎలా?

గుడ్లు కొనే ఖర్చు మిగులుతుందని కోళ్లు పెంచాలనుకునేవాళ్లు ముందు మేత లెక్క చూసుకోవాలి. నాలుగేళ్లుగా మా పెరట్లో పెట్టలున్నాయి. వాటి గుడ్ల రుచి మరిగాక మళ్లీ కొట్టు గుడ్డు తినాలంటే మనసొప్పదు. డబ్బు మిగలడం మాత్రం వంటింట్లో మిగిలినవాటిని మేతగా వాడడం నేర్చుకున్నాకే మొదలైంది.

1. కాగితం మీద లెక్క వేయండి

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. ఏడాదికి 40 కిలోలు. ఫారాల్లో ఉండే బీవీ-300 లాంటి లేయర్ కోడి, అంటే గుడ్ల కోసమే పెంచే రకం, ఆ మేత తిని 320 దాకా గుడ్లు పెడుతుంది. అంటే గుడ్డుకు 125 గ్రాములు. పెరట్లో పెంచుకునే గ్రామప్రియ రకం కోడిని బాగా చూసుకుంటే ఏడాదికి 200 గుడ్లు వస్తాయి, గుడ్డుకు 200 గ్రాముల మేత పడుతుంది. పైగా ఫారం వాళ్లు మేత లారీల్లో దించుకుంటారు, మనం కిలోల్లో కొంటాం. కిలో 35 రూపాయలనుకుంటే ఒక్కో గుడ్డుకు మేతకే 7 రూపాయలవుతుంది. తొలి గుడ్డు పెట్టేలోపు ఐదారు నెలల్లో ఒక్కో పెట్ట తినే ఏడెనిమిది కిలోలు దీనికి అదనం.

కాబట్టి మేతంతా కొనాల్సి వస్తే కొట్టు గుడ్డే చవక. పెరడు, వంటిల్లు కలిసి సగం మేత ఇస్తే మాత్రం లెక్క మనవైపు తిరుగుతుంది. నాటు గుడ్లే కొనే ఇంటికైతే ఇంకా కలిసొస్తుంది. వాటి ధర మామూలు గుడ్డుకు రెట్టింపు పైనే ఉంటుంది కదా.

2. రకం ఎంచుకోండి

గుడ్లకైతే గ్రామప్రియ. గుడ్లూ మాంసమూ రెండూ కావాలంటే వనరాజా, కాకపోతే దీని గుడ్లు తక్కువ. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించినవే. అసలు నాటు పెట్ట ఏ పదో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లకు అది మేలు, రోజూ గుడ్డు కావాలనుకునేవాళ్లకు కాదు. గుడ్ల కోసమే అయితే పుంజు అక్కర్లేదు.

నలుగురున్న ఇంటికి ఐదు పెట్టలు చాలు, రోజుకు రెండు మూడు గుడ్లు దొరుకుతాయి. కొత్తవాళ్లు ఒక్కరోజు వయసు పిల్లల్ని కాకుండా నెలా నెలన్నర పిల్లల్ని తెచ్చుకోండి. బల్బు కింద వెచ్చగా ఉంచి కాపాడే పని తప్పుతుంది.

3. గూడు కట్టండి

నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న గూడు ఐదు పెట్టలు రాత్రి పడుకోవడానికి సరిపోతుంది. నేల నుంచి రెండడుగుల ఎత్తులో కాళ్ల మీద నిలబెట్టి, లోపల కూర్చోవడానికి ఒక కర్ర అడ్డంగా కట్టండి. జాలీ కన్ను అరంగుళం మించకూడదు. పిల్లి ఎక్కణ్ణుంచి వస్తుందో కనిపెట్టగలం గానీ ముంగిసకు పిడికెడు సందు చాలు. చీకటి మూలలో పాత గంప పెట్టి వరిగడ్డి పరిస్తే అదే గుడ్లు పెట్టే చోటు. కింద ఊక పోసి వారానికోసారి మార్చండి. ఆ ఊక కూరమొక్కలకు మంచి ఎరువు, కానీ కొన్నాళ్లు మాగనిచ్చి వేయండి.

4. టీకాలు మానకండి

మొదటి విడతలో నేను ఎనిమిది పిల్లల్ని తెచ్చాను. పెరట్లో తిరిగే కోళ్లకు టీకాలెందుకులే అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే గూడు తీస్తే రెండు బయటికి రాలేదు. రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాయి. కింద పచ్చగా విరేచనం. మర్నాటికి ఒకదాని మెడ వెనక్కి మెలితిరిగింది. గింజ మీద ముక్కు పెట్టబోతే తల పక్కకు పోయేది. వారం తిరక్కుండా ఆరు పోయాయి. అది కొక్కెర తెగులు. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఒక్కటే దారి.

పిల్లకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 28వ రోజు మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలకు అదే తెగులుకు ఆర్‌2బి అనే టీకా సూది. పిల్లల్ని కొనేటప్పుడే ఏవి వేశారో అడిగి రాసుకోండి. టీకా సీసా వందా, అంతకు పైగా కోళ్లకు సరిపడా వస్తుంది, ఒకసారి కలిపితే రెండు గంటల్లోపే వాడేయాలి. అందుకే చుట్టుపక్కల కోళ్లున్నవాళ్లంతా కలిసి ఒకేరోజు వేయించుకోవడం మంచిది. పశువుల ఆసుపత్రిలో అడిగితే రోజు చెబుతారు. రెండు మూడు నెలలకోసారి నట్టల మందు కూడా పట్టించండి. ఏ మందు వాడినా ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో డాక్టరును అడగండి.

కోళ్లు ఒక్కసారిగా చనిపోతుంటే కోసుకోకండి, కాలవలో పడేయకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుంది కదా. వెంటనే పశువైద్యుడికి చెప్పాలి.

5. మేత, సున్నం, నీడ

పొద్దున లేయర్ మేత కొంచెం, సాయంత్రం నూకలు, జొన్నలు. మధ్యలో తోటకూర కాడలు, మునగాకు, మిగిలిన అన్నం. బూజుపట్టినవీ ఉప్పెక్కువైనవీ వేయకూడదు. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, కాబట్టి ఆల్చిప్పల నూక ఒక మూకుడులో విడిగా పెట్టండి. కావలసినంత అవే తింటాయి. మా అమ్మ వాడిన గుడ్డు పెంకుల్ని పెనం మీద వేయించి, నలిపి వేస్తుంది. పెంకును పెంకులాగే వేస్తే సొంత గుడ్లనే పొడుచుకు తినడం అలవాటవుతుంది.

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో పెంకు పలచబడితే కంగారుపడకండి. కోడి రొప్పుతూ ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి వదిలేస్తుంది, దాంతో పెంకుకు కావలసిన సరుకు తగ్గుతుంది. నీడా, చల్లటి నీళ్లూ ఇవ్వండి.

6. గుడ్లు ఏరండి, కడగకండి

రోజుకు రెండుసార్లు ఏరండి. గుడ్డు మీద కంటికి కనబడని సన్నటి పొర ఉంటుంది. అది పెంకు రంధ్రాలను మూసి సూక్ష్మక్రిములను లోపలికి రానివ్వదు. కడిగితే ఆ పొర పోతుంది. మురికి ఉంటే పొడిగుడ్డతో తుడిచి, పెన్సిలుతో తేదీ రాయండి. కడగక తప్పకపోతే వెంటనే వండేయండి.

7. రెండూ పగలగొట్టి చూడండి

ఒక పళ్లెంలో నిన్నటి ఇంటి గుడ్డు, ఇంకోదాంట్లో కొట్టు గుడ్డు పగలగొట్టండి. ఇంటి గుడ్డు తెల్లసొన చిక్కగా పచ్చసొన చుట్టూ దిబ్బలా నిలబడుతుంది. ఫారం నుంచి కొట్టుకు చేరడానికి కొన్ని రోజులు పట్టిన గుడ్డు పలచగా పళ్లెమంతా పరుచుకుంటుంది. తేడా తాజాదనానిది. పచ్చసొన ముదురు రంగు ఆకుకూరలూ మొక్కజొన్నా తిన్నందుకు వచ్చింది, గోధుమరంగు పెంకు జాతిని బట్టి వచ్చింది. రెండింట్లోనూ మాంసకృత్తులు ఆరేసి గ్రాముల చొప్పునే. కాబట్టి పిల్లలకు కొట్టు గుడ్డు పెట్టేవాళ్లు ఏదో తక్కువ చేస్తున్నామని బాధపడనక్కర్లేదు.

ఆమ్లెట్‌కు ఆ రోజు గుడ్డే వాడండి. పులుసుకు మాత్రం వారం నాటివి తీయండి. మరీ తాజావి ఉడకబెడితే పెంకుతోపాటు తెల్లసొన ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది.

ఈకలు రాల్చే కాలంలోనూ, పొద్దు తక్కువగా ఉండే చలిరోజుల్లోనూ గుడ్లు తగ్గుతాయి, అప్పుడు కొట్టుకే వెళ్దాం. కానీ మంచి రోజుల్లో పెట్ట ఉన్నట్టుండి మానేసిందంటే ముందు కట్టెల మోపు వెనకా, అరటి పిలకల మధ్యా వెతకండి. మాకు ఒకసారి అలా పదకొండు దొరికాయి. గిన్నెడు నీళ్లలో వేశాం. అడుగున అడ్డంగా పడుకున్నవి తాజావి. నిటారుగా నిలబడ్డవాటిని గట్టిగా ఉడికించి తిన్నాం. తేలిన మూడింటిని పగలగొట్టకుండా గొయ్యి తీసి పూడ్చేశాం.