కీళ్ల పాఠాలు – 4: ముంజేయి తిరిగే తీరు

కిందటి పాఠంలో మోచేతిని తలుపు బందులా ముడుచుకొని తెరుచుకునే మడతబందు కీలుగా చూశాం. అటువంటి కీలు ఒకే తలంలో కదులుతుంది కాబట్టి, అరచేతిని ఒకసారి పైకీ ఒకసారి నేలవైపుకూ తిప్పే పని దానిది కాదు. మణికట్టుది అనుకునేవారు చాలామందే ఉన్నారు గానీ, అదీ సరికాదు. మణికట్టు ముందుకూ వెనక్కూ, పక్కలకూ వంగుతుంది. తిరగడమనేది ముంజేతిలో జరుగుతుంది.

ముంజేతిలో చిటికెనవేలి వైపున్న ఎముక అరత్ని, బొటనవేలి వైపున్నది రత్ని. అరత్ని దాదాపు నిలకడగా ఉంటే, రత్ని దాని చుట్టూ తిరుగుతుంది. రత్ని పైకొస గుండ్రని బిళ్లలా ఉంటుంది; దాన్ని అరత్నికి ఆనించి ఉంచుతూ ఒక లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ) వలయంలా చుట్టుకొని ఉంటుంది. ఇది బొంగరపు కీలు. చిన్నపిల్లల్లో ఈ పట్టు ఇంకా వదులుగా ఉంటుంది కాబట్టి, చేయి పట్టుకొని ఒక్కసారిగా లాగితే రత్ని తల వలయంలోంచి కొంత జారవచ్చు. పిల్లల్ని ఒంటిచేత్తో పైకి లేపవద్దని వైద్యులు చెప్పేది అందుకే.

ఇప్పుడు అభ్యాసం. కుడి మోచేతిని 90 డిగ్రీలు మడిచి పక్కటెముకలకు ఆనించండి. ఆనించకపోతే భుజం కూడా తిరిగి లెక్క తప్పిస్తుంది. పిడికిట్లో కలాన్ని నిలువుగా పట్టుకొని, ఎడమచేతి వేలిని మోచేతి బయటివైపు పొడుచుకొచ్చిన ఎముకకు కాస్త దిగువన, మణికట్టు వైపుగా ఉన్న చిన్న గుంటలో పెట్టండి. కలాన్ని మెల్లగా కుడికీ ఎడమకూ వాల్చితే వేలి కింద గట్టిగా ఏదో దొర్లుతుంది. అదే రత్ని తల. కలం రెండువైపులా కలిపి సుమారు 150 డిగ్రీలు తిరుగుతుంది. అరచేయి పైకి ఉన్నప్పుడు రెండు ఎముకలూ పక్కపక్కన ఉంటాయి. నేలవైపు తిప్పితే రత్ని అరత్నిని దాటుకొని అడ్డంగా పడుతుంది.

బలం సంగతి కూడా చూడండి. మోచేయి మడిచే ఉంచి, కుడిచేత్తో స్క్రూ బిగిస్తున్నట్టు స్క్రూడ్రైవరు తిప్పుతూ, ఎడమచేత్తో కుడి దండకండను, అంటే పైచేతి ముందువైపు కండను, తడమండి. ప్రతి మలుపుకూ బిగుసుకుంటుంది. చేయి చాచి అదే పని చేస్తే ఆ కండ సాయం బాగా తగ్గిపోతుంది. వడ్రంగి పనికి దగ్గరగా నిలబడి మోచేయి మడిచి స్క్రూ బిగించడంలో ఈ లాభం ఉంది.

వచ్చే పాఠంలో మెడలోని మొదటి రెండు వెన్నుపూసలను తీసుకుందాం. అంతవరకు ఎడమచేతితోనూ ఇదే అభ్యాసం చేసి, రెండు చేతుల మధ్య తేడా ఉంటే రాసిపెట్టుకోండి.