తాత తండ్రి ఎవరు? పాత కాగితాల్లో వెతికే పద్ధతి

ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఒకే మనిషికి రెండు కాగితాల్లో ఇద్దరు తండ్రులు కనిపించడం అరుదేమీ కాదు. పహాణీలో, అంటే ఊరి భూమి లెక్కల పుస్తకంలో, రాజయ్య తండ్రి మల్లయ్య, బడి రిజిస్టర్లో అదే రాజయ్య తండ్రి వీరయ్య అని ఉంటుంది. ఏదో ఒకటి తప్పని తీర్మానించకండి, చాలాసార్లు రెండూ ఒప్పే. పహాణీ రాసిన పట్వారీకి (ఊరి లెక్కలు రాసేవాడికి) కావలసింది భూమి ఎవరి నుంచి దిగిందన్నది. పంతులుకు కావలసింది పిల్లవాణ్ని చేయిపట్టుకొని బడికి తెచ్చింది ఎవరన్నది. కన్న తండ్రి, సాదిన తండ్రి, హక్కు ఇచ్చిన తండ్రి ముగ్గురూ ఒక్కరే కావాలని లేదు.

కాబట్టి నోటుబుక్కులో తండ్రి పేరు ఎక్కడ దొరికినా దాని పక్కనే మూడు సంగతులు రాసుకోండి: ఆ కాగితం ఎందుకోసం పుట్టింది, పేరు చెప్పింది ఎవరు, అప్పటికి ఆ మనిషి వయసెంత. ఈ మూడూ లేకుండా పేర్లు పోగేస్తే ఆరు నెలల తర్వాత మీ రాతే మీకు అర్థం కాదు.

ముందు ముసలివాళ్లు

"ఆయన ఎవరికి పుట్టిండు?" అని నేరుగా అడిగితే నోళ్లు మూతపడతాయి. ఆ ప్రశ్నలో ఒక ఆడమనిషి పరువు ఉంది. అడగవలసింది వేరే తీరుగా: "పెత్రమాసకు (పితృ అమావాస్యకు) అయ్యగారికి బియ్యమిచ్చేటప్పుడు ఎవరెవరి పేర్లు చెప్తరు?" ఇంట్లో రాతే లేకపోయినా రెండు మూడు తరాల పేర్లు అక్కడ వరుసగా దొరుకుతాయి. తర్వాత తలకొరివి ఎవరు పెట్టారో, ఏ ఇంట్లో చావైతే ఎన్ని రోజులు ముట్టుడు (మైల) పట్టారో అడగండి. శాస్త్రం ప్రకారం దత్తుడికి కన్నవారింటి మైల మూడు రోజులే. పొరుగింటి చావుకు మీ తాత మూడు రోజులు మైల పట్టాడంటే ఎందుకని ఆగి చూడాలి.

వీటన్నిటికన్నా గట్టిది వావి. ఇంటిపేరు వేరైన ఒక కుటుంబంతో "మనకు పొత్తు కుదరదు, అన్నదమ్ముల వరస" అని తరాలుగా పిల్లను ఇవ్వకుండా, తెచ్చుకోకుండా ఉంటే ఆ వరస ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వండి. దత్తత పోయినవాడి పుట్టింటి గుర్తు కాగితంలో చెరిగిపోయినా పెళ్లి సంబంధాల్లో చెరగదు. ఈ సంగతులు వేరే ఊరికి ఇచ్చిన ఆడబిడ్డలకే బాగా గుర్తుంటాయి. ఒక్కొక్కరినీ విడిగా కలవండి. నలుగురినీ ఒకచోట కూర్చోబెడితే పెద్దావిడ మాటే అందరి మాటైపోతుంది.

"పెంట మీద దొరికిండు", "తౌడు పోసి కొనుక్కున్నరు" అనే మాట వినిపిస్తే అనాథ అని రాసేయకండి. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతున్న ఇంట్లో, నిలబడాలని బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచి, మరో ఆడమనిషి ఎత్తుకుంటే, తల్లే తిరిగి కొనుక్కునే ఆచారం ఉండేది. పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు ఆ ఆచారం నుంచే వచ్చాయి. అలాంటి పేరున్నవాడు ఆ తల్లి కన్న కొడుకే అయ్యే అవకాశం ఎక్కువ. అతనికి ముందు పుట్టి చనిపోయిన పిల్లల గురించి అడిగితే సంగతి తేలుతుంది.

పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టడం కూడా ఆనవాలే గాని, సమ్మయ్య, సారయ్య, కొమురయ్య లాంటి మొక్కుపేర్ల దగ్గర ఆ లెక్క పనికిరాదు.

భూమి కాగితాలు

మొదట ఖాస్రా పహాణీ, అంటే 1954-55 సంవత్సరానిది. దాని నకలుకు తహశీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, గడువు 30 రోజులు. అక్కడి నుంచి వెనక్కి సేత్వార్ (సర్వే నాటి మూల భూమి రిజిస్టర్), ముందుకు 1955-58 నాటి చేసాల పహాణీ చూడాలి. ఏ ఏడు ఎవరి పేరు పోయి ఎవరి పేరు ఎక్కిందో ఫైసల్ పట్టీలో ఉంటుంది. ఆ ఏడు తెలిశాక విరాసత్ మిసిల్ (వారసత్వ మార్పు ఫైలు) అడగండి. మీ వెతుకులాటకు అసలు గని అదే. అందులో వంశవృక్షం, భార్య బయాను (వాంగ్మూలం), పెద్దమనుషుల సాక్ష్యం ఉండవచ్చు. పటేల్, పట్వారీ వతన్ (వంశపారంపర్య పదవి హక్కు) ఉన్న ఇళ్లలో పదవి కోసం నడిచిన వారసత్వ తగాదాల్లో షిజ్రా, అంటే వంశవృక్షం, వేసేవారు. నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ దస్త్రాలకు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖనాల కార్యాలయం ఉంది.

ఊరు ఏ జిల్లాలో ఉందన్నది ఇప్పటి లెక్కతో చూడకండి. సాయుధ పోరాటం నాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలో భాగం. కమలాపూర్, ఎల్కతుర్తి 2016 దాకా కరీంనగర్‌వి. జాగీరు గ్రామమైతే 1949లో జాగీర్లు రద్దయ్యే వరకు దాని లెక్కలు జాగీరుదారు చేతిలో ఉండేవి కాబట్టి సర్కారు దస్త్రాల్లో ఖాళీ ఉంటుంది.

పేరు తేల్చలేని చోట విస్తీర్ణం తేలుస్తుంది. పెద్దాయన పేరున సర్వే నంబరులో 6 ఎకరాల 12 గుంటలు ఉందనుకోండి. ఎకరానికి 40 చొప్పున 252 గుంటలు. ముగ్గురు కొడుకులకు తలా 84, అంటే 2 ఎకరాల 4 గుంటలు. రాజయ్య పేరున సరిగ్గా 2-04 ఉంటే, అతను ఆ ముగ్గురిలో ఒకడు, లేదా ముగ్గురిలో ఒకరికి ఏకైక వారసుడు. 1-02 ఉంటే తండ్రి వాటాను ఇంకొకరితో పంచుకున్నాడు, ఆ రెండో మనిషిని వెతకండి. ఆ నంబరులో ఏమీ లేకుండా మేనమామ ఊళ్లో భూమి ఉంటే తల్లి వైపు పెరిగాడేమో చూడాలి. తల్లి మారుమనువు చేసుకుంటే వెంట వచ్చిన కొడుక్కి కొత్త ఇంట్లో తిండి, ప్రేమ దొరికినా వాటా దొరకకపోవడం సాధారణం. ఈ లెక్కకు ఒక చిక్కుంది: పసుపు కుంకుమ కింద ఆడబిడ్డకు ఇచ్చినది, పెద్దకొడుక్కి ఎక్కువ వదిలినది, సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని అమ్మకపు కాగితం) మీద అమ్మినది ముందు కలుపుకోవాలి. సాదా బైనామా దొరికితే కింద సాక్షుల పేర్లు కూడా ఎత్తి రాసుకోండి, వాళ్లలో తరచూ పాలోళ్లే (దాయాదులే) ఉంటారు.

ఉర్దూ రాత, ఫస్లీ లెక్క

ఉర్దూ చదివే మనిషి చేత తెలుగులోకి రాయించుకునేటప్పుడు పేర్ల కన్నా ముందు చుట్టరికపు మాటలు గుర్తించమనండి. వల్ద్ అంటే ఫలానా వారి కొడుకు. ముతబన్నా అంటే దత్తపుత్రుడు. జౌజా భార్య, బేవా విధవ, నవాసా కూతురి కొడుకు, వలీ సంరక్షకుడు, ఫౌతీ చనిపోయినవాడు. తెలుగులోకి ఎక్కించేటప్పుడు ముతబన్నాను, వలీని కూడా "తండ్రి" అని రాసేయడం వల్లే సగం చిక్కుముళ్లు పడతాయి. అసలు పేజీని ఫొటో తీసుకొని, ఆ ఒక్క మాటను పెద్దది చేసి చూపించండి.

ఆ రాతలో పొట్టి అచ్చులు రాయరు, తొందర రాతలో చుక్కలు పెట్టరు. ఐలయ్య, ఎల్లయ్య ఒకేలా కనిపిస్తాయి. చుక్కలు లేకపోతే పోచయ్యకు, బుచ్చయ్యకు తేడా తెలియదు. ఇద్దరు తండ్రులు అనుకున్నది ఒక్క పేరునే ఇద్దరు రెండు తీర్లుగా చదవడం కావచ్చు.

హైదరాబాద్ సంస్థానపు ఫస్లీకి (శిస్తు లెక్కల సంవత్సరానికి) 590 కలిపితే అది మొదలైన క్రీస్తుశకం వస్తుంది, ఏడాది అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. 1343 ఫస్లీ అంటే 1933 అక్టోబరు నుంచి. అదే అంకెను హిజ్రీ అనుకుంటే 1924-25 అవుతుంది. తొమ్మిదేళ్లు తేడా వస్తే బిడ్డ తల్లి పెళ్లికి ముందే పుట్టినట్టు తేలి ఇంట్లో లేని మచ్చ పడుతుంది. జన్మపత్రిలో ఏడాది పేరే ఉంటే అరవై ఏళ్ల చక్రంలో చూడండి: క్రోధి 1904-05, 1964-65, 2024-25. మిగతా వివరాలతో ఏ చుట్టు సరిపోతుందో తేల్చుకోవాలి.

ఇంకా ఎక్కడ

సింగరేణిలో పనిచేసిన ఇళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. మారుపేరుతో, ఇంకొకరి వారసుడిగా కొలువులో చేరినవాళ్లు అక్కడ ఉన్నారు. సర్వీసు పుస్తకంలో తండ్రి పేరు కొలువు కోసం రాయించిన పేరై ఉండొచ్చు. పెళ్లి పత్రికతో, ఓటరు జాబితాతో పోల్చకుండా నమ్మకండి. క్రైస్తవ కుటుంబాలకు డోర్నకల్, హనుమకొండ వైపు చర్చిల్లో బాప్తిస్మపు రిజిస్టర్లు అడిగి చూడవచ్చు. గయకు పోయి వచ్చిన పెద్దలుంటే పండాల (తీర్థ పురోహితుల) బహీల్లో, అంటే వంశాల పేర్లు రాసే పుస్తకాల్లో, జిల్లా, ఊరు, కులం, ఇంటిపేరు చెప్పి వెతికించవచ్చు. అయితే దత్తుడు అక్కడ దత్తత ఇంటి పెద్దల పేర్లే చెప్పి ఉంటాడు.

మిరాశీ ఊళ్లు (తమకు వంశహక్కుగా వచ్చిన ఊళ్లు) తిరిగే కులగాయకులను మరవకండి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, రెడ్లకు, కాపులకు పిచ్చకుంట్లవారు. గోత్రాలు, వంశాలు వాళ్ల నోట నిలిచి ఉన్నాయి. వస్తే అన్నం పెట్టి, ఇవ్వవలసిన కట్నం ఇచ్చి, తీరిగ్గా వినండి. పొగడ్తను పక్కన పెడితే ఇంటిపేరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చిందో అందులో దొరుకుతుంది.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే మగవారసుల మధ్య, తండ్రి నుంచి కొడుక్కే దిగే వై క్రోమోజోమ్ పోల్చండి. మామూలు పరీక్ష మేనరికాలు ఎక్కువైన ఇళ్లలో చుట్టరికాన్ని ఉన్నదానికన్నా దగ్గరగా చూపిస్తుంది. కాని ఫలితం బతికున్నవాళ్లందరి మీదా పడుతుంది, కాబట్టి ముందు వాళ్లందరి ఒప్పుకోలు తీసుకోండి.

వేర్వేరు అవసరాల కోసం, వేర్వేరు మనుషులు చెప్పగా పుట్టిన రెండు కాగితాలు ఒకే మాట అంటే, వాటిలో ఒకటైనా భూతగాదా మొదలవక ముందుదైతే, ఆ తండ్రి పేరు కింద నిండు గీత గీయవచ్చు. అప్పటిదాకా వంశవృక్షంలో చుక్కల గీతే ఉంచండి. దత్తతకు రెండు గీతలు, కన్న ఇంటికొకటి, పెంచిన ఇంటికొకటి గీసి, ఏ కాగితం ఏం చెప్పిందో వెనుక పేజీలో తేదీతో రాసిపెట్టండి.